డాలు దించిన నాలుగు నిమిషాలు

జెరాక్సు షాపులో మధ్యాహ్నం రెండు దాటితే ఈగలు కూడా కునుకు తీస్తాయి. పొద్దున కాలేజీ పిల్లలు, సాయంత్రం ఆఫీసు కాగితాలవాళ్ళు తోసుకుంటూ వస్తారు గానీ, మధ్యలో ఆ రెండు గంటలూ పెద్ద మెషీనుకీ, లామినేషన్ పెట్టెకీ, వాటిని నడిపే తోటికోడళ్ళిద్దరికీ విశ్రాంతి. పెద్దకోడలు ఆ వేళలో స్పైరల్ బైండింగుకి కాగితాలకు కన్నాలు కొడుతూ కూర్చునేది. ఆవిడ లెక్కలో విశ్రాంతి అంటే కూర్చుని చేసే పని. చిన్నకోడలు మాత్రం కంప్యూటరు ముందు చేరి యుద్ధానికి వెళ్ళేది.

ఆటలో కూడా ఆమె పేరు చిన్నకోడలే. చేరిన రోజున పేరేమిటని ఆట అడిగితే ఏమీ తోచక, పన్నెండేళ్ళుగా ఇంట్లో పిలిపించుకుంటున్నదే టైపు కొట్టేసింది. ఆ ఆటలో రెండు పక్షాలు. గట్టువాళ్ళు, ఏటివాళ్ళు. మధ్యన ఒక వంతెన. వీళ్ళెందుకు కొట్టుకుంటున్నారో చెప్పడానికి ఆట తయారుచేసినవాళ్ళు పెద్ద కథే రాసిపెట్టారట, ఎవరూ చదవలేదు. కారణం తెలియకుండా కొట్టుకోవడం మనుషులకు కొత్తేమీ కాదు కాబట్టి ఆ లోటు ఎవరికీ తెలిసిరాలేదు.

అయితే మధ్యాహ్నం ఆటకు కొన్ని మర్యాదలుండేవి. ఇద్దరే తలపడేటప్పుడు ముందు ఒకసారి వంగి లేవాలి. పాడుబడిన బావి దగ్గర కత్తి దూయకూడదు. అక్కడ ఏ పక్షంవాళ్ళయినా చేరి కబుర్లు రాసుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైనది మూడోది: డాలు నేలమీద పెట్టినవాణ్ణి ముట్టుకోకూడదు. డాలు దించాడంటే ఆ మనిషి కుర్చీలో లేడని అర్థం. పాలు పొంగుతున్నాయో, గుమ్మంలో ఎవరొచ్చారో, వాడొచ్చి డాలు ఎత్తేదాకా ఆగాలి. దీనికి జోడీగా ఇంకొకటి. కుర్చీలోనే కూర్చుని డాలు దించడం దొంగతనం. దించితే లేచి వెళ్ళి తీరాలి. ఇవేవీ ఆటలో రాసిలేవు. కొట్టాలనుకుంటే ఆట అడ్డుపడదు. మనుషులే ఆపుకోవాలి. మధ్యాహ్నంపూట ఆడేవాళ్ళంతా సగం మనసు పొయ్యిమీదో, కౌంటరుమీదో, మంచంమీదో పెట్టుకున్నవాళ్ళు గనక ఆపుకుంటూ వచ్చారు.

గట్టుపక్షంలో రెండొందల మంది ఉన్నా, నడిపేది నలుగురు. వాళ్ళు మాట్లాడుకునే వేరే గదికి 'అరుగు' అని పేరు. అరుగువాళ్ళు వస్తుంటే దారివ్వాలి. గుర్రాలు ముందు వాళ్ళకే. వాళ్ళ హాస్యానికి అందరూ నవ్వాలి. అందరి హాస్యానికీ వాళ్ళు నవ్వరు. అందులో పెద్ద, మేస్త్రీ అనే ఆయన. గోడలు కట్టించడంలో దిట్టని ఆ పేరు వచ్చింది. ఆయన తర్వాతది నర్సు. ఆవిడ నిజంగా నర్సే, అయితే ఆవిడ గొంతు వింటే రోగులు జబ్బు దాచుకుంటారు. మిగతా ఇద్దరూ వీళ్ళు ఊఁ అంటే ఊఁ అనే రకం.

ఎనిమిది నెలలు చిన్నకోడలు ఆ అరుగెక్కాలని చూసింది. ఇంట్లో అత్తగారి గదిలో పెద్దవాళ్ళ మాటలు సాగుతుంటే తలుపు దగ్గర గ్లాసులు పట్టుకుని నిలబడ్డ రోజులు గుర్తున్న మనిషి ఆమె. ఎక్కడైనా ఒక్కచోట లోపల కూర్చోవాలని ఉండేది. పది రోజుల కిందట ఒక పూటకు రమ్మన్నారు. వెళ్ళింది. వాళ్ళు మాట్లాడుకుంటున్నారు, ఈమెకు మాట అందడంలేదు. "ఏం చిన్నకోడలా, నోట్లో ఏమైనా పెట్టుకున్నావా?" అంది నర్సు. ఏదో ఒకటి అనాలి. అప్పుడు అనేసింది.

"ఏటివాళ్ళ గడియారంగారు రోజూ మూడున్నరకి ఎందుకు డాలు దించుతారో తెలుసా? మంచానపడ్డ వాళ్ళ నాన్నని పరుపు తిరగేసినట్టు తిరగేసి రావడానికి!"

నలుగురూ నవ్వారు. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆమె మాటకు అరుగు నవ్వింది.

గడియారం అంటే ఏటిపక్షపు కాపరి. ఇంట్లోనే వాచీలు బాగుచేసే మనిషి. వంతెన మధ్యలో ఆయన నిలబడితే దాటినవాళ్ళు లేరు. బావి దగ్గర చిన్నకోడలితో కబుర్లు రాసేవాడు, అన్నీ క్లుప్తంగా. నాన్నకు వీపు పుళ్ళు పడకుండా వేళకు ఒత్తిగిలించాలి, ఇంకెవరు ముట్టుకున్నా ఒప్పుకోడు, నాలుగు నిమిషాలు పడుతుంది, అని ఒకరోజు రాశాడు. ఎవరికీ చెప్పకండి అని మాత్రం రాయలేదు. రాయాల్సిన అవసరం ఉందనుకోలేదు కాబోలు.

మర్నాడే ఆమెకు అరుగుమీద ఐదో చోటు ఇచ్చారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఇంట్లో పిల్లలకు రోజూ చెప్పే మనిషికి, ఆ చోటు దేనికి వచ్చిందో అప్పుడు తట్టలేదు.

ఈ రోజు తట్టింది, సరిగ్గా మూడూ పదికి.

మూడు నెలలకోసారి వచ్చే ఆఖరి పోరు అది. పక్షానికి ఇరవైమంది. ఒక్కటే ప్రాణం. పడితే లేవడం లేదు. నాలుగింటికి వంతెన ఎవరి చేతిలో ఉంటే రాబోయే మూడు నెలలూ కోట వాళ్ళది. వంతెన ఏటివాళ్ళ చేతిలో ఉంది. మధ్యలో, ఇద్దరు మాత్రమే పక్కపక్కన పట్టే ఇరుకులో, గడియారం నిలబడి ఉన్నాడు. ఆయన వెనక ఏటివాళ్ళు పన్నెండుమంది. ఇవతల గట్టువాళ్ళు పద్నాలుగు.

"అందరూ వెనక్కి రండి," అన్నాడు మేస్త్రీ స్పీకర్లో, పక్షమంతటికీ వినబడేలా. తర్వాత అరుగు గదిలో గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, నువ్వు ఒక్కదానివే ముందుకెళ్ళు. వంగి లేచి, ఆయన ఎదురుగా నిలబడు. నిన్ను చూస్తే అనుమానపడడు."

"నిలబడి?"

"మూడున్నరకి డాలు పెడతాడుగా. పెట్టగానే ఒక్క వేటు. వెనకవాళ్ళు ఆ టైములో నడుం వాల్చి ఉంటారు. వాళ్ళు లేచేలోపు మన గుర్రాలు అవతలుంటాయి."

చిన్నకోడలి చేయి మౌసు మీద ఆగింది. "డాలు దించినవాణ్ణా?"

"రాసుందా ఎక్కడైనా?" అంది నర్సు. "నువ్వే కదమ్మా చెప్పావు వేళతో సహా. కబురు తెచ్చినదానివి పని మధ్యలో వదిలేస్తావా?"

"నవ్వులాటకి అన్నానండీ."

"నవ్వాం కదా," అన్నాడు మేస్త్రీ. కొంచెం ఆగి, బుజ్జగించే గొంతుతో అన్నాడు. "చూడమ్మా, ఈ అరుగుమీద ఉన్న ప్రతివాళ్ళూ పైకి చెప్పుకోలేని పని ఒకటి చేసి ఎక్కినవాళ్ళే. నువ్వొక్కదానివీ చేతులు కడుక్కుని కూర్చుంటే మాకు నీమీద నమ్మకం ఎలా కుదురుతుంది?"

పెద్దకోడలు కన్నాల మెషీను ఆపి తల తిప్పింది. "ఎవరే ఆయన? బియ్యంలో రాళ్ళు కలిపేవాడి గొంతులా ఉంది."

"మా పెద్దాయన అక్కా."

"ఇంట్లో పెద్దవాళ్ళు చాల్లేదూ నీకు?"

ఆఖరి పోరులో ఎదుటి పక్షానికి రాయడం కుదరదు. బావి దగ్గర కబుర్లు రాసుకునే గడి కూడా మూసేస్తారు. ఆయనకు చెప్పే దారిలేదు. చిన్నకోడలు బొమ్మని నడిపించింది. ఒక్కో పలకా దాటుతూ వంతెన మధ్యకు వెళ్ళి, ఇరుకులో ఆయన ఎదుట వంగి లేచింది. గడియారం కూడా వంగి లేచాడు. కత్తి ఎత్తలేదు. ఈ వేళప్పుడు ఈమె వచ్చి ఎందుకు నిలబడిందో అడుగుతున్నట్టు తల ఒక పక్కకు వంచాడు. ఆ బొమ్మ ముఖంలో ఏ భావమూ పలకదు. అయినా ఆమెకు ఆ చూపు గుచ్చుకుంది.

మూడూ ఇరవై ఆరు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయనా ఊపాడు, ఏదో ఆటనుకుని.

కత్తి దూసి తానే ముందు కొడితే? ఆయన ఎదురుకొడతాడు, ఈమె పడిపోతుంది. తర్వాత మూడున్నరకి డాలు దించడం మాత్రం మానడు. నర్సు ఎలాగూ వెనకే ఉంది. తిరిగి మేస్త్రీ మీద పడితే? తనవాళ్ళే ద్రోహి అని నరుకుతారు, ఆ సందడిలో అందరూ వంతెన మీదకొస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు; ఇక్కడ కింద ఏరు కూడా ఉంది.

మూడూ ఇరవై తొమ్మిదికి షాపు మెట్లెక్కుతూ ఒకావిడ వచ్చింది. చంకలో లావుపాటి ఫైలు. "సర్టిఫికెట్లు అమ్మా, అన్నీ రెండు వైపులా, మూడేసి సెట్లు. నాలుగింటికి లోపల ఇవ్వాలి, కౌంటరు మూసేస్తారు."

"అక్కా, కాస్త చూడు," అంది చిన్నకోడలు తెర మీంచి కన్ను తీయకుండా.

"నా చేతులెక్కడ ఖాళీ? లామినేషన్లో ఒకరి పెళ్ళిఫోటో ఇరుక్కుంది. వదిలేస్తే పెళ్ళికొడుకు కరిగిపోతాడు."

మూడున్నర. గడియారం మోకాలు వంచి డాలు నేలమీద పెట్టాడు. ఆయన వెనక ఏటివాళ్ళు రోజూలాగే ఒక్కొక్కరే కూర్చున్నారు.

"కొట్టు," అన్నాడు మేస్త్రీ.

తెరలో ఆ తల ఆమె కత్తికి సరిగ్గా అందేంత దూరంలో ఉంది. అరుగుమీద ఐదో చోటుకీ ఆమెకీ మధ్య ఒక్క వేలి నొక్కు. ఆమె ఆయన పక్కకు జరిగింది. వెనక్కి తిరిగి, తనవాళ్ళ వైపు ముఖం పెట్టింది. మోకాలు వంచి తన డాలు ఆయన డాలు పక్కన ఆనించి నేలమీద పెట్టింది. ఇద్దరు పట్టే ఇరుకులో ఇప్పుడు రెండు డాళ్ళున్నాయి, నిలబెట్టినది ఒక్కటీ లేదు.

"ఏంటిది?" నర్సు అరిచింది.

"గిరాకీ వచ్చిందండీ," అని చెప్పి చిన్నకోడలు కుర్చీలోంచి లేచింది.

లేవకపోతే అది దొంగతనం. మౌసు వదిలి నాలుగడుగులేసి పెద్ద మెషీను దగ్గరకు వెళ్ళి, తెరకు వీపు పెట్టి నిలబడింది. ఫైలు తీసుకుని మొదటి సర్టిఫికెట్ అద్దంమీద పరిచింది. మూత వేసింది. ఆకుపచ్చ వెలుగు ఒక చివర నుంచి మరో చివరకు నింపాదిగా పాకింది. ఆ మెషీను జన్మలో తొందరపడి ఎరగదు.

"చిన్నకోడలా! లే అక్కణ్ణుంచి!" స్పీకర్లో మేస్త్రీ. "అందరూ వినండి! ఆవిణ్ణి పక్కకు తోసి పదండి!"

అవతల నుంచి ఇంకెవరిదో, సందేహపడే గొంతు: "ఇద్దరూ డాలు దించారు కదండీ."

"దించితే?"

"దించితే ఆగాలి కదండీ."

కాపీ బయటకొచ్చింది. తిరగేసి మళ్ళీ పరిచింది. మూత, వెలుగు. గోడ గడియారం మూడూ ముప్ఫై ఒకటి చూపిస్తోంది. అక్కడ ఆయన దుప్పటి తీసి ఉంటాడు.

"అమ్మా, ఇది తలకిందులు పడింది," అంది ఫైలావిడ.

"క్షమించండి. మళ్ళీ తీస్తాను."

"ఏమిటా అరుపులు? ఎవరైనా పోట్లాడుకుంటున్నారా?"

"మావాళ్ళేలెండి."

పెద్దకోడలు రోలర్లోంచి ఫోటో లాగుతూ లాగుతూ తెర వైపు మెడ చాచింది. "ఏమే, నీ బొమ్మ చుట్టూ చేరారే. ముళ్ళ టోపీ పెట్టుకున్నది ఒకతె ముందుకొస్తోంది."

నర్సు. చిన్నకోడలి వేళ్ళు కాగితం అంచుమీద ఆగాయి. కుర్చీ నాలుగడుగుల దూరం. వెళ్ళి డాలు ఎత్తితే ఒకటి రెండు వేట్లయినా కాచుకోవచ్చు. అయితే ఎత్తిన డాలుకు మర్యాద ఉండదు. ఈమె ఎత్తిన మరుక్షణం, అరుగువాళ్ళు పోను మిగతా తొమ్మిదిమందీ ఆగాల్సిన పనిలేదు.

ఇంకో సర్టిఫికెట్ పరిచింది. పదో తరగతి. లెక్కల్లో నలభై ఒకటి. మూత.

"అక్కా, టైమెంత?"

"గోడకి ఉంది కదే, కళ్ళు లేవా? ముప్ఫై రెండు. అది కత్తి ఎత్తింది. కొట్టమంటావా? అదే, నన్నేమైనా నొక్కమంటావా?"

"వద్దు! ముట్టుకోకు!"

ఫైలావిడ అడుగు వెనక్కి వేసింది. స్పీకర్లో ఇప్పుడు నాలుగైదు గొంతులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "మనమనిషినే కొడతారా?" అని ఎవరో. "మధ్యలో మాట్లాడకు, నిన్నగాక మొన్న వచ్చావ్" అని మేస్త్రీ. "రేపు నేను మా పాపకి అన్నం పెట్టడానికి లేస్తే నన్నూ కొడతారా ఇలాగే?" అని ఇంతవరకు ఎప్పుడూ నోరు విప్పని ఒక ఆడగొంతు. మెషీను కాగితం మింగే చప్పుడు మాత్రం వినబడింది. ఆ తర్వాత, అలాంటి సమయాల్లో దానికి అలవాటైన ప్రకారం, కాగితం మధ్యలో ఇరుక్కుని ఎర్రదీపం వెలిగింది.

పక్క తలుపు తెరిచి, వేడిగా ఉన్న రోలర్ల మధ్య చెయ్యి పెట్టింది. కాగితం కొస దొరికింది. లాగుతుండగా చెవిలో ఇనుము ఇనుముని కొట్టిన శబ్దం.

"అయ్యో, పడిపోయావే!" అంది పెద్దకోడలు. "ఎదురుగా వచ్చి పొడిచిందే, ముదనష్టపుది!"

ముప్ఫై మూడు. ఇంకో నిమిషం ఉంది. ఇరుకులో ఈమె చోటు ఖాళీ.

"టోపీది దాటి పోయింది. వెనకాల ఆ బియ్యం రాళ్ళాయన. పెద్ద గొడ్డలి. ఆ కూర్చున్నాయన మీదకే పోతున్నాడు."

"మిగతావాళ్ళు?"

"కదలట్లేదు. దిష్టిబొమ్మల్లా నిలబడ్డారు."

పడిపోయినవాళ్ళకు కుర్చీ దగ్గరకు వెళ్ళడానికి అడ్డేమీ లేదు. అయినా ముక్కలైన కాగితాన్ని గుప్పిట్లో నలుపుతూ మెషీను దగ్గరే నిలబడింది. మండే రోలరు తగిలి మణికట్టు ఎర్రబడిన సంగతి తర్వాత తెలిసింది. "గొడ్డలి ఎత్తాడు," అంది పెద్దకోడలు. "ఎత్తి—"

ఆవిడ అక్కడ ఆపేసింది. తెరలో చూస్తున్నదాన్ని చెప్పడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయింది.

"అక్కా!"

"లేచాడే! ఆ కూర్చున్నాయన లేచాడు! పళ్ళెం అడ్డం పెట్టాడు. టోపీదాన్ని ఏట్లో పడేశాడు!"

ఫైలావిడ, ఏమీ అర్థంకాకపోయినా, "హమ్మయ్య" అంది.

నాలుగు కొట్టేసరికి వంతెన ఏటివాళ్ళ చేతిలోనే ఉంది. మేస్త్రీ పడ్డాక మిగిలిన గట్టువాళ్ళు వరసగా వచ్చి, వంగి లేచి, పద్ధతిగా పోరాడి, పద్ధతిగా పడ్డారు. ఫైలావిడ మూడూ యాభైకే సెట్లు తీసుకుని పరుగెత్తింది. చిన్నకోడలు కుర్చీలో కూర్చునేసరికి రెండు ఉత్తరాలు వచ్చి ఉన్నాయి. ఒకటి: గట్టుపక్షం నుంచి మిమ్మల్ని తీసివేశాం. కారణం రాయలేదు. రెండోది ఏటివాళ్ళది. వాళ్ళకూ ఒక అరుగు ఉందట, దాని పేరు రేవు. "మీలాంటివాళ్ళు మాకు కావాలి. రేవులో మీకు చోటు ఉంచాం. గడియారంగారే చెప్పారు."

చదివి, మళ్ళీ చదివింది. ఎనిమిది నెలలు అక్కడ నిలబడితే దొరకనిది ఇక్కడ నాలుగు నిమిషాలకే దొరికింది. వేలు 'సరే' మీదకు పోయింది కూడా. కబురు మోసింది తనేనని ఎవరు చెబుతారు? మేస్త్రీ చెప్పినా ఓడినవాడి మాట ఎవరు నమ్ముతారు?

"ఏమంటున్నారు?" అంది పెద్దకోడలు, పెళ్ళికొడుకు అంచులు కత్తిరిస్తూ.

"మంచిదాన్నంటున్నారు."

"మరి ముఖం అలా పెట్టావేం?"

బావి గడి తెరిచారు. గడియారం అక్కడే ఉన్నాడు. ఎప్పటిలా క్లుప్తంగా రాశాడు: "మావాళ్ళు చెప్పారు. మీరు పడింది నాకోసం. మర్చిపోను."

చిన్నకోడలు చెరిపే అవకాశం తనకు తానే ఇచ్చుకోకుండా గబగబా రాసి పంపేసింది: "మూడున్నర సంగతి వాళ్ళకు చెప్పింది నేనే."

కాసేపటికి: "నాన్న సంగతి కూడానా?"

"అదీ."

"ఎందుకు చెప్పారు?"

"వాళ్ళు నవ్వుతారని. నవ్వారు."

ఈసారి ఇంకా ఆలస్యమైంది. వెళ్ళిపోయాడేమో అనుకుంది. వెళ్ళిపోతే బాగుండునని కూడా అనుకుంది.

"రేవులోకి మీరు రావద్దు," అని వచ్చింది చివరికి. "నేను వాళ్ళతో మాట్లాడతాను. వంతెన కింద కాపలాకి కొత్తవాళ్ళని వేస్తాం. బురద. చూసేవాళ్ళెవరూ ఉండరు, కబుర్లు ఉండవు. అక్కడ ఉంటానంటే ఏటిపక్షంలో ఉండండి."

"ఎన్నాళ్ళు?"

"తెలియదు."

"ఉంటాను." తర్వాత ఉండబట్టలేక ఇంకొక వాక్యం రాసింది: "మీ నాన్నగారికి ఇవాళ ఎలా ఉంది?"

"అది మీకు చెప్పను," అని రాసి గడియారం బావి దగ్గరనుంచి వెళ్ళిపోయాడు.

సాయంత్రపు గిరాకీ మెట్లెక్కడం మొదలైంది. చిన్నకోడలు మణికట్టు చన్నీళ్ళతో తడుపుకుని వచ్చి, కాగితాల పెట్టె నింపి, మొదటివాళ్ళ చేతిలోంచి కాగితం అందుకుంది.

"ఎన్ని కాపీలండీ?" అని అడిగింది.